ఆన్ చేసి చూపిస్తానంటే వద్దని చెప్పు

నువ్వు రాసింది మళ్ళీ ఒకసారి చెప్తా, సరిగ్గా అర్థమైందో లేదో చూడు. బెంగళూరు ఎస్పీ రోడ్డు వెనక గల్లీలో పాత సామాను అమ్మే ఒక గుజరీ ఆయన దగ్గర టెక్ట్రానిక్స్ 545 ఆసిలోస్కోపు, ఒక AVO (ఏవో) కంపెనీ ముల్లు మల్టీమీటరు చూశావు. రెండూ కలిపి ఇచ్చేస్తా అన్నాడు, కావాలంటే ఇప్పుడే ప్లగ్గు పెట్టి ఆన్ చేసి చూపిస్తా అన్నాడు, నువ్వు ఆదివారం వస్తానని చెప్పి వచ్చేశావు. రెండోది, కర్నూల్లో మీ తాతగారి మర్ఫీ రేడియో, దాని పక్కనే అట్టపెట్టె నిండా వాల్వులు, అంటే ట్రాన్సిస్టర్ల ముందు కాలం గాజు గొట్టాలు, దొరికాయి, అవి బతికున్నాయో చచ్చాయో ఎట్లా తెలుస్తుంది అని. మూడోది, ఈ పాత సామాను పోగేసే అలవాటు మొదలుపెట్టొచ్చా అని. మూడోదానికి జవాబు నీకే తెలుసు నాయనా, లేకపోతే రాత్రి ఒంటిగంటకి ఇంత పొడుగు ప్రశ్న రాయవు. మిగతా రెండూ చెప్తా.

ముందు ఒక పని చెయ్. ఆ దుకాణం ఆయన నంబరు ఉంటే ఇప్పుడే మెసేజ్ పెట్టు, ఆదివారం దాకా ఆ స్కోపుకి ఎవ్వరూ కరెంటు పెట్టొద్దని. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు, లైటు వెలిగితే కొనేవాడికి నమ్మకం కదా. కానీ నేను చూసినంతలో ఈ పాత ఇన్‌స్ట్రుమెంట్లు ఎక్కువ చచ్చేది గోడౌన్లో కాదు, ఇట్లా ఆన్ చేసి చూపించేటప్పుడే. ముప్పై నలభై ఏళ్ళు దుమ్ములో కూర్చుని బాగానే ఉన్నది ఆ ముప్పై సెకన్లలో పోతుంది.

నేనూ ఆ పని చేసి నేర్చుకున్నవాడినే. మాది హిందూపురం, ఇక్కడ బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో మీటర్లు సరిచూసే క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళకి పైగా చేశా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వాల్వు సిగ్నల్ జనరేటర్ తెచ్చుకున్నా, పెద్దది, నల్ల క్రాకిల్ పెయింట్, డయల్ చూస్తే ముద్దొచ్చేది. ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టా, డయల్ లైటు వెలిగింది, మా ఆవిడని పిలిచి మరీ చూపించా. ఆమె వంటింట్లోంచి వచ్చేలోపు తారు కాలిన వాసన. ఆఫ్ చేసేసరికే ట్రాన్స్‌ఫార్మర్ అయిపోయింది. తర్వాత విప్పి చూస్తే పోయింది ఒకే ఒక ఫిల్టర్ కండెన్సర్ (కెపాసిటర్), షార్ట్ అయింది, అది పోతూ పోతూ ట్రాన్స్‌ఫార్మర్ని కూడా తీసుకుపోయింది. కండెన్సర్ ఎక్కడైనా దొరుకుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ తెచ్చేది? వైండింగ్ షాపులో ఇస్తే మూడు నెలలు తిప్పించుకుని చుట్టిచ్చాడు, ప్రైమరీకి సెకండరీకి మధ్య ఉండే రాగి షీల్డు పొర మాత్రం వెయ్యలేదు, 'అది ఎందుకు సార్, వేస్టు' అన్నాడు. ఈరోజుకీ దాంట్లో సన్నగా హమ్ వస్తుంది. అమ్మలేదు, పారెయ్యలేదు, అట్లా షెల్ఫ్ మీద ఉంది.

ఎందుకు అట్లా అవుతుందో తెలిస్తే నీకే భయం వస్తుంది. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్‌లో అల్యూమినియం రేకు మీద సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది, ఇన్సులేషన్ అంతా అదే. వోల్టేజ్ పడుతూ ఉన్నంతకాలం ఆ పొర తనను తాను బాగుచేసుకుంటూ ఉంటుంది, ఏళ్ళ తరబడి ఊరికే పడుంటే పలచబడిపోతుంది. అప్పుడు ఒక్కసారిగా 300 వోల్టులు పడితే లీకేజీ కరెంటు, దాంతో వేడి, వేడికి ఇంకా లీకేజీ, కాసేపటికి ఢాం. పేపర్ కండెన్సర్లది ఇంకో కథ, మైనం పూసిన కాగితం కదా, ఏళ్ళకేళ్ళు తేమ పీల్చుకుని అవి రెసిస్టర్లు అయిపోయి ఉంటాయి. బయటికి చూస్తే కొత్త పెళ్ళికొడుకులా ఉంటుంది, లోపల లీకు.

ఇంకో చిన్న సంగతి, దీనికి బలైనవాళ్ళని చూశా. అమెరికా నుంచి వచ్చిన సామాన్లు కొన్ని 117 వోల్టులకి కట్టి ఉంటాయి. కొన్నింట్లో వెనక స్విచ్చు ఉంటుంది, ఆ పాత టెక్ట్రానిక్స్‌లలో అయితే లోపల ట్రాన్స్‌ఫార్మర్ ట్యాగుల దగ్గర వైర్లు మార్చాలి, రెండు ప్రైమరీలూ ప్యారలల్‌లో ఉంటే 117, సిరీస్‌లో ఉంటే 234. బయట ప్లేటు మీద ఏం రాసుందో నమ్మొద్దు, ఎప్పుడో ఎవరో మార్చి ఉండొచ్చు. ఇది చూడకుండా మన 230 పెట్టేశావనుకో, ఇంక నేను చెప్పేదేం లేదు.

సరే, కరెంటు పెట్టకుండా దుకాణంలో ఏం చూడాలి అంటావా. ఒక టార్చి, స్క్రూడ్రైవర్, ముక్కు ఈ మూడూ తీసుకుని పో. ముందు పక్క ప్యానెల్ తీసి వాసన చూడు, నవ్వకు, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ వాసన పదేళ్ళైనా పోదు. తర్వాత స్క్రూల తలలు చూడు, అన్నీ నలిగిపోయి ఉంటే చాలామంది చేతులు పెట్టారని అర్థం. వాల్వు సాకెట్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టు, వాల్వులు పీకి విడిగా అమ్ముకోవడం మామూలే. పిక్చర్ ట్యూబు మొహం మీద ఒకేచోట గోధుమరంగు మచ్చో గీతో ఉంటే, ఫుల్ బ్రైట్‌లో వదిలేశారన్నమాట, ఫాస్ఫర్ కాలిపోయింది, దానికి మందు లేదు. అన్నిటికంటే ముఖ్యం, 545కి ముందు భాగంలో ఎడమవైపు కింద ఒక పెద్ద గూడు ఉంటుంది, దాంట్లో సిగ్నల్‌ని లోపలికి తీసుకునే ప్లగ్-ఇన్ యూనిట్ ఉందా లేదా చూడు. కె యూనిట్ అయితే 30 మెగాహెర్ట్జ్ దాకా చూపిస్తుంది, సీఏ అయితే కాస్త తక్కువ కానీ రెండు ట్రేసులు వస్తాయి. గూడు ఖాళీగా ఉంటే మాత్రం అది స్కోపు కాదు, 30 కిలోల రూమ్ హీటరు. అర కిలోవాటు దాకా తాగుతుంది, ఎండాకాలంలో ఆన్ చేస్తే గదిలో ఉండలేవు, మా ఇంట్లో పిల్లి మాత్రం చలికాలమంతా దాని పైనే పడుకునేది.

ప్యానెల్ తీసినప్పుడు లోపల తెల్లటి పింగాణీ పట్టీలు కనబడతాయి, వాటి గాట్లలో కాంపోనెంట్లు టంకం వేసి ఉంటాయి, ఎంత నీటుగా ఉంటుందంటే నగల దుకాణంలా ఉంటుంది. దాని జోలికి మామూలు టంకం కడ్డీతో వెళ్ళొద్దు. ఆ గాట్లలో వెండి పూత ఉంటుంది, మామూలు సీసం టంకం వేసి వేడి చేస్తూ ఉంటే పూత కరిగి టంకంలో కలిసిపోతుంది, ఆ తర్వాత అక్కడ ఏదీ అతుక్కోదు. అందుకే కంపెనీవాళ్ళు వెండి కలిపిన టంకం ఒక చిన్న చుట్ట లోపలే తగిలించి పంపేవాళ్ళు. కొన్నింట్లో ఇప్పటికీ ఉంటుంది అది, కనబడితే సంతోషపడు, ఆ సెట్టు మీద ఎక్కువ చేతులు పడలేదని అర్థం.

మరి ఎట్లా ఆన్ చెయ్యాలి అంటే, తొందర లేదు. నలభై ఏళ్ళు ఆగింది, ఇంకో నెల ఆగుతుంది. రేడియో లాంటి చిన్న వాటికి సిరీస్ బోర్డు చాలు, అంటే ఒక 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుని కరెంటు దారిలో సిరీస్‌లో పెట్టి ఆన్ చెయ్యడం, మన మెకానిక్కులు తాతల కాలం నుంచి చేసే పనే. లోపల షార్ట్ ఉంటే బల్బు ఫుల్లుగా వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. ఎల్ఈడీ బల్బు పెడితే పనికిరాదు, ఈ ఫిలమెంట్ బల్బులు దొరకడం తగ్గిపోతోంది కాబట్టి కనబడినప్పుడే నాలుగు కొని దాచుకో. 545 లాంటి దున్నపోతుకి బల్బు సరిపోదు, అది మామూలుగానే అంత కరెంటు లాగుతుంది. దానికి నేను చేసేది ఏంటంటే, ప్రతి పెద్ద ఎలక్ట్రోలిటిక్‌నీ ఒక వైరు విప్పి, బయట సప్లై నుంచి ఒక 100 కిలో ఓమ్స్ రెసిస్టర్ ద్వారా మెల్లగా వోల్టేజ్ ఎక్కిస్తూ గంటల తరబడి వదిలేస్తా, రెసిస్టర్ మీద వోల్టేజ్ పడిపోతూ వస్తే ఆక్సైడ్ పొర మళ్ళీ కడుతోందని అర్థం, పడిపోకుండా అక్కడే నిలబడితే ఆ కండెన్సర్ మార్చాల్సిందే. తర్వాతే డిమ్మర్‌స్టాట్, అంటే వోల్టేజ్ మెల్లగా పెంచుకునే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఆన్ చేస్తా, అది కూడా పక్కన కూర్చుని. ట్యూబు వెనక దాదాపు 10 కిలోవోల్టులు ఉంటాయి, అక్కడ మాత్రం ఆఫ్ చేసినా చెయ్యి పెట్టకు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచెయ్యమని మా సీనియర్ చెప్పేవాడు, మొదట నవ్వాం, ఒకసారి కొట్టించుకున్నాక నవ్వలేదు. కండెన్సర్ డిశ్చార్జ్ చెయ్యడానికి స్క్రూడ్రైవర్ పెట్టి టప్పుమనిపించకు, ఎక్కువ వాట్లు తట్టుకునే ఒక 10 కిలో ఓమ్స్ రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు కట్టుకుని దాంతో దించు.

ఇంతా విన్నాక నా సలహా ఏంటంటే, మొదటి కొనుగోలు స్కోపు కాదు, ఆ ఏవో మీటరు కొను. స్కోపు వదిలెయ్ అనట్లేదు, ధర బాగుంటే తీసుకో, కానీ ఏవో మాత్రం వదలకు.

ఏవో అంటే యాంప్స్, వోల్ట్స్, ఓమ్స్, అంతే. ఇంగ్లండు పోస్టాఫీసులో ఇంజినీరుగా ఉన్న డొనాల్డ్ మెకాడీ అనే ఆయన మూడు మీటర్లు మోసుకు తిరగలేక ఒకటే చేసుకున్నాడు, 1923లో మార్కెట్లోకి వచ్చింది, అట్లా 2008 దాకా చేశారు. మోడల్ 8 అయితే మన పాత ల్యాబుల్లో ఎక్కడ చూసినా ఉండేది. ఇక్కడ మోట్వానే వాళ్ళు దాని తరహాలోనే 8ఎక్స్ చేశారు, అది దొరికినా మంచిదే, ఇంకా చవగ్గా వస్తుంది. డీసీ మీద వోల్టుకి 20,000 ఓమ్స్. నీ చేతిలో ఉన్న డిజిటల్ మీటరు 10 మెగా ఓమ్స్, ఇంక దీంతో పనేంటి అంటావు. పని ఉంది. పాత రేడియోల సర్వీస్ షీట్లలో ఏ పిన్ను దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలో రాసేవాళ్ళు కదా, చాలావాటిల్లో అవి ఇట్లాంటి మీటరుతో కొలిచిన అంకెలు. మీటరే సర్క్యూట్ మీద కాస్త బరువు వేస్తుంది, 100 వోల్టుల రేంజిలో అది 2 మెగా ఓమ్స్ అవుతుంది, వాల్వు స్క్రీన్ గ్రిడ్డు పిన్ను దగ్గర మెగా ఓమ్ రెసిస్టర్ ఉన్నచోట కొలిస్తే వోల్టేజ్ బాగా తగ్గి కనబడుతుంది, షీట్లో ఉన్నది ఆ తగ్గిన అంకె. నీ డిజిటల్ మీటరుతో కొలిచి, అయ్యో ఎక్కువ చూపిస్తోంది ఏదో పోయింది అనుకుని మంచి వాల్వు మార్చేస్తావు. నేను చూశా అట్లా చేసినవాళ్ళని.

ఏవో కొనేముందు వెనక బ్యాటరీ మూత తీసి చూడు, పాత సెల్లు కారి పచ్చగా పట్టి ఉంటుంది చాలావాటిల్లో, అది లోపలికి పాకకపోతే భయం లేదు. మీటరుని మెల్లగా అటూ ఇటూ ఊపితే ముల్లు స్వేచ్ఛగా ఊగాలి, రెండు టెర్మినళ్ళూ వైరుతో కలిపి కరెంటు రేంజిలో పెట్టి ఊపితే బరువుగా మెల్లగా కదలాలి, అట్లా కదిలితే కాయిల్ తెగలేదని అర్థం, దీనికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. పెద్ద ఓమ్స్ రేంజికి 15 వోల్టుల చిన్న బ్యాటరీ కావాలి, అది ఇప్పుడు దొరకడం కష్టం, 3 వోల్టుల బటన్ సెల్లులు ఐదు సిరీస్‌లో కట్టుకుంటే అయిపోతుంది. ఇంకోటి గుర్తుపెట్టుకో, ఓమ్స్‌లో పెట్టినప్పుడు ఎర్ర తీగలో నెగటివ్ వస్తుంది, డిజిటల్ అలవాటు ఉన్నవాళ్ళు డయోడు తిరగేసి ఉందనుకుని బుర్ర పాడుచేసుకుంటారు.

ఇప్పుడు మీ తాతగారి పెట్టె.

వాల్వులు చేత్తో పట్టుకునేటప్పుడు గాజు మీద రాసిన అక్షరాలు తుడవకు. దుమ్ముందని తడిగుడ్డ పెట్టావంటే పేరు పోతుంది, పేరు పోయిన వాల్వు అంటే అడ్రస్ లేని ఉత్తరం. నేను ఒకప్పుడు స్పిరిట్ పెట్టి డజను వాల్వులు శుభ్రంగా తుడిచి అనామకుల్ని చేశా. పిన్నులు మాత్రమే మెత్తటి బ్రష్షుతో తుడువు. తర్వాత ఒక నోటుబుక్కులో అన్నీ రాసుకో, ఆ పేర్లలోనే సగం జాతకం ఉంటుంది. యూరప్ పేర్లలో మొదటి అక్షరం ఫిలమెంట్ సంగతి చెప్తుంది, ఈ (E) అంటే 6.3 వోల్టులు, యూ అంటే 100 మిల్లీయాంప్స్ సిరీస్, పీ అంటే 300 మిల్లీయాంప్స్ సిరీస్, డీ అంటే బ్యాటరీ సెట్లది, 1.4 వోల్టులు. తర్వాతి అక్షరాలు లోపల ఏముందో చెప్తాయి, సీ ట్రయోడ్, ఎఫ్ పెంటోడ్, ఎల్ పవర్ పెంటోడ్, హెచ్ మిక్సర్, జెడ్ ఫుల్‌వేవ్ రెక్టిఫయర్, ఎం మేజిక్ ఐ, అంటే స్టేషన్ సరిగ్గా పట్టిందో లేదో వెలుగుతో చూపించేది. అంకె బేస్ చెప్తుంది, ముప్పైల్లో ఉంటే పాత ఎనిమిది పిన్నుల ఆక్టల్, ఎనభైల్లో ఉంటే తొమ్మిది పిన్నుల చిన్నది. అంటే ఈసీసీ83 అని ఉంటే 6.3 వోల్టులు, రెండు ట్రయోడ్లు, తొమ్మిది పిన్నులు, అంతే, పుస్తకం తెరవక్కర్లేదు. అమెరికా పేరు అదే వాల్వుకి 12ఏఎక్స్7, అక్కడ మొదటి అంకె ఫిలమెంట్ వోల్టులు, ఇందులో మాత్రం మధ్యలో ట్యాప్ ఉంటుంది కాబట్టి 12.6కీ 6.3కీ రెండిటికీ కట్టొచ్చు. రష్యావాళ్ళ 6ఎన్2పీ అచ్చం దీనిలానే ఉంటుంది కానీ ఫిలమెంట్ పిన్నుల వరస వేరు, మార్చి పెట్టేముందు చూసుకో.

మన బెంగళూరు వాల్వులు కూడా ఉంటాయి దాంట్లో, చూడు. జాలహళ్ళిలో ప్రభుత్వ కంపెనీ భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) వాళ్ళు 1961 నుంచి రేడియో వాల్వులు చేశారు, ఈఎల్84, ఈసీసీ83 లాంటివి, మన దేశంలో రేడియోలు రిపేరు చేసిన ప్రతివాడి డబ్బాలో ఉండేవి. మరుసటి సంవత్సరమే అక్కడ జెర్మేనియం ట్రాన్సిస్టర్లు మొదలుపెట్టారు, అంటే వాల్వుకి ముహూర్తం పెట్టిన ఇంట్లోనే దాని సవతి కూడా పుట్టింది. అప్పట్లో చేతికి వస్తే ఏదో లోకల్ సరుకులే అని తీసిపారేసేవాళ్ళం, ఇప్పుడు బయటి దేశాల వాళ్ళు అడిగి మరీ కొంటున్నారు.

మంచిదో కాదో ఎట్లా అంటే, మొదట కంటితో. గాజు లోపల పైన అద్దంలా వెండి మెరుపు ఉంటుంది, అది గెట్టర్, బేరియం, లోపల మిగిలిన గాలిని పీల్చుకోడానికి పెడతారు. మెరుస్తూ ఉంటే మంచిది, అంచుల్లో పలచబడి గోధుమరంగుకి తిరిగితే బాగా వాడినది, పాలలా తెల్లగా అయిపోతే గాలి దూరింది, పారెయ్. తర్వాత మీటరుతో ఫిలమెంట్ చూడు, ఈఎల్84కి 4, 5 పిన్నుల మధ్య ఓమో రెండు ఓములో చూపిస్తుంది, లెక్క కడితే 6.3 బై 0.76, ఎనిమిది రావాలి కదా అనకు, చల్లగా ఉన్నప్పుడు అంతే ఉంటుంది, వేడెక్కాక పెరుగుతుంది. ఇక్కడిదాకా పాసైనవి పక్కన పెట్టు.

అసలు పరీక్ష పని చేయించి చూడ్డమే. వాల్వు టెస్టర్ కొనాలని ఇప్పుడే పరిగెత్తకు, మంచివి చాలా రేటు, చవకవాటిల్లో చాలావరకు ఎమిషన్, అంటే కాథోడ్ ఎలక్ట్రాన్లు వదులుతోందా లేదా అన్నది ఒక్కటే చూస్తాయి. ఒక చెక్క మీద సాకెట్ బిగించి, 250 వోల్టుల సప్లై పెట్టి, ఈఎల్84కి డేటాషీట్లో ఉన్నట్టు కాథోడ్‌లో 135 ఓమ్స్ రెసిస్టర్ పెట్టు. యానోడ్ 48, స్క్రీన్ 5.5 మిల్లీయాంప్స్ లాగాలి, అంటే ఆ రెసిస్టర్ మీద 7 వోల్టుల పైచిలుకు రావాలి. ఏడు దగ్గర వస్తే వాల్వు ఆరోగ్యం, ఐదు వస్తే ముసలిది కానీ రేడియోలో పాట పాడుతుంది, మూడు వస్తే షోకేసుకి. ఇంత సింపుల్.

ఇక ఆ మర్ఫీ సంగతి. వెనక అట్ట తీసి ముందు వాల్వుల మొదటి అక్షరం చూడు. యూ తో మొదలైతే, యూసీహెచ్, యూఎల్, యూవై ఇట్లా, దాంట్లో ట్రాన్స్‌ఫార్మర్ లేకపోవచ్చు, చాసిస్‌కే డైరెక్టుగా కరెంటు ఉంటుంది, ప్లగ్గు తిరగేసి పెడితే రేకంతా ఫేజే. కరెంటు లైనుతో నేరుగా కలవకుండా విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాన్ని ముట్టుకోకు, ఇది మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. ఈసీహెచ్, ఈఎల్ ఇట్లా E తో మొదలైతే కొంచెం ఊపిరి పీల్చుకో. వెనక వోల్టేజ్ ట్యాప్ ఎక్కడుందో చూసి, రెక్టిఫయర్ వాల్వు పీకి, సిరీస్ బోర్డు మీద ఆన్ చెయ్. బల్బు మొదట వెలిగి మందగించి, మిగతా వాల్వులు ఎర్రగా వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్ బాగున్నట్టే. ఆ తర్వాత ఆఫ్ చేసి ఫిల్టర్ కండెన్సర్లు కొత్తవి వేసెయ్, 450 వోల్టులవి, పాత అల్యూమినియం డబ్బా పీకకుండా అట్లానే ఉంచి కొత్తవి కింద కట్టు, అందం చెడకుండా. పవర్ వాల్వు గ్రిడ్డుకి వచ్చే కప్లింగ్ కండెన్సర్ ఒకటి ఉంటుంది, అది చూడకుండా మార్చెయ్. అది లీకైతే గ్రిడ్డు మీదికి పాజిటివ్ వచ్చి, వాల్వు ఎర్రబడి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, నా సిగ్నల్ జనరేటర్ కథే మళ్ళీ. మార్చిన తర్వాత కూడా గ్రిడ్డు దగ్గర వోల్టేజ్ కొలిచి చూడు, సున్నా ఉండాలి. పాజిటివ్ ఉంటే వాల్వు పీకి మళ్ళీ కొలువు, అప్పటికీ ఉంటే కండెన్సర్ దొంగ, పోతే వాల్వు దొంగ, లోపల గ్యాస్ ఉందన్నమాట. ఈ చిన్న కిటుకు తెలిస్తే సగం మెకానిక్‌వి అయిపోయినట్టే. అన్నీ అయ్యాక మీడియం వేవ్‌లో 612 కిలోహెర్ట్జ్ దగ్గర తిప్పు, మన ఆకాశవాణి బెంగళూరు స్టేషన్, డయల్ మీద ఎంత పక్కకి వస్తుందో చూస్తే ట్యూనింగ్ ఎంత జరిగిందో తెలుస్తుంది.

ఎక్కడ వెతకాలి అన్నావు. ఎస్పీ రోడ్డులో ముందు వరస అంతా ఇప్పుడు ల్యాప్‌టాపులు, ఎల్ఈడీ పట్టీలే, లోపలి గల్లీల్లో మేడ మెట్ల కింద ఉండే కొట్లలో ఇంకా పాత సరుకు ఉంది. ఆదివారం పొద్దున బీవీకే అయ్యంగార్ రోడ్డు సండే బజార్‌కి ఏడు లోపలే పోవాలి, తొమ్మిదికి పోతే పాత చెప్పులు మిగులుతాయి. మద్రాసు పోతే రిచీ స్ట్రీటు, హైదరాబాదు పోతే కోఠి గుజరాతీ గల్లీ. ఇక్కడి ఫ్యాక్టరీలు, ల్యాబులు పాత సామాను ప్రభుత్వ కంపెనీ ఎంఎస్‌టీసీ నడిపే వేలంలో లాట్లుగా అమ్ముతాయి, మనలాంటివాళ్ళకి ఒకటి రెండు ఇవ్వరు, టన్నుల్లెక్కన గుజరీవాళ్ళు కొంటారు, కాబట్టి వాళ్ళతో టీ తాగడం నేర్చుకో. కన్నడం రాకపోయినా పర్లేదు, తెలుగు, ఉర్దూ ఏదో ఒకటి నడుస్తుంది. ముందే చెప్పి పెట్టు, ఫలానాది వస్తే పగలగొట్టకుండా నాకు ఫోన్ చెయ్యప్పా అని. ఎందుకంటే వాళ్ళకి రాగి ట్రాన్స్‌ఫార్మర్ కిలోల లెక్క, బోర్డుల మీద బంగారు పూత గ్రాముల లెక్క. ఒక గోడౌన్లో మంచి ఫ్రీక్వెన్సీ కౌంటర్ల కుప్ప నా కళ్ళముందే సుత్తితో పగలగొట్టారు, అంకెలు నారింజ రంగులో వెలిగే నిక్సీ ట్యూబులు మాత్రం గడియారాలు చేసేవాళ్ళ కోసం జాగ్రత్తగా పీకి పక్కన పెట్టారు. ఆరోజు అన్నం తినబుద్ధి కాలేదు.

హెచ్‌పీ వాళ్ళ పాత ఆడియో ఆసిలేటర్ 200 సిరీస్ దొరికితే మాత్రం వదలకు. పాలో ఆల్టోలో కారు షెడ్డులో మొదలైన కంపెనీ, దాని మొదటి సరుకు ఇదే, డిస్నీ వాళ్ళు ఎనిమిది కొన్నారు. దాంట్లో ఒక చిన్న ఫిలమెంట్ బల్బు ఉంటుంది, ఎప్పుడూ వెలగదు, వెలగకూడదు కూడా. ఔట్‌పుట్ పెరిగితే దాని ఫిలమెంట్ వేడెక్కి రెసిస్టెన్స్ పెరిగి గెయిన్ తగ్గిస్తుంది, అందుకే సైన్ వేవ్ అంత శుభ్రంగా వస్తుంది. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు పైలట్ ల్యాంపు ఫ్యూజు పోయిందనుకుని దాన్ని పీకి వేరే బల్బు పెట్టాడు, రెండు రోజులు డిస్టార్షన్ ఎందుకొస్తుందో ఎవరికీ తెలియలేదు.

ఆడియో పిచ్చివాళ్ళ గురించి ఒక్క మాట. ఇంగ్లండు ములార్డ్, జర్మనీ టెలిఫంకెన్ కంపెనీల ఈసీసీ83 అంటే వాళ్ళు ఎంతైనా పెడతారు, అందుకని నకిలీలు కూడా అంతే, పాత పేరు తుడిచి కొత్త పేరు అచ్చు వేసేస్తారు. గాజు అడుగున బూడిదరంగులో చెక్కినట్టు ఉండే కోడ్ చూడాలి, రెండో వరసలో బీ తో మొదలైతే ములార్డ్ వాళ్ళ బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ, తర్వాతి అంకె సంవత్సరం చివరి అంకె, ఆ తర్వాత అక్షరం నెల. టెలిఫంకెన్ అయితే పిన్నుల మధ్య గాజులో చిన్న డైమండ్ గుర్తు పోతపోసి ఉంటుంది. ఆ వాల్వులో ఏదో అమృతం ఉందంటారు, నా చెవులకి అంత వినబడలేదు, వయసైపోయిందేమో. నీ పెట్టెలో అట్లాంటిది ఉంటే అమ్ముకో, ఆ డబ్బుతో స్కోపు కొనుక్కో, తప్పేం లేదు.

ఆదివారం నేను కూడా బజార్‌కి వస్తా, అది చూసుకుని ఎనిమిదిన్నరకి ఎస్పీ రోడ్డు వెనక ఆ గల్లీ మొదట్లో కాఫీ కొట్టు దగ్గర ఉంటా, స్కోపు పక్క ప్యానెల్ ఇద్దరం కలిసి తీసి చూద్దాం. వచ్చేటప్పుడు పెట్టెలో వాల్వుల లిస్టు రాసుకుని రా. ఈఎం84 అని ఉందేమో ముందు చూడు, సన్నగా పొడుగ్గా ఉంటుంది, పక్కన పచ్చ పట్టీలా వెలిగే మేజిక్ ఐ. నా సెట్టులో ఉన్నది వాడి వాడి మసకబారిపోయింది, లైటు ఆర్పితే గానీ కనబడట్లేదు. రెండుంటే ఒకటి నాకు పక్కన పెట్టు.